మూడో వరుసలో ఎనిమిది సమాధులు

2023 జూలై నెల. సికింద్రాబాద్‌లో మా సంఘానికి చెందిన సమాధుల తోటలో నేను గుమస్తాగా చేరి అప్పటికి ఇరవై రెండేళ్లయింది. నా ఉద్యోగం ఏమిటో చెప్తే జనం ముందు నవ్వుతారు, ఆ తర్వాత మట్టి అంటుకుని ఉందేమోనని నా చేతులవైపు చూస్తారు. "భయం వెయ్యదా దేవదానం గారూ?" అంటారు. దేనికండీ భయం? ఇన్నేళ్లలో నన్ను విసిగించినవాళ్లంతా బతికున్నవాళ్లే. తోటలో ఉన్నవాళ్లు ఒక్కనాడూ నాతో పేచీ పెట్టుకోలేదు. ఆ జూలై దాకా అలాగే అనుకున్నాను.

మా పని గురించి కాస్త చెప్పాలి. ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే, వారిని ఎన్నో వరుసలో, గేటు నుంచి ఎన్నో చోట పెట్టామో బరియల్ రిజిస్టర్‌లో రాస్తాను. తోటలో జాగా తక్కువ. అందుకని మూడో వరుసలో సిమెంటు కట్టడాలు కట్టనివ్వం. మట్టి దిబ్బ, తలవైపు నంబరున్న రేకు పలక, అంతే. పన్నెండేళ్లు దాటాక అదే సమాధిని తెరిచి, అదే ఇంటివాళ్లను అందులో పెట్టుకోవచ్చు. దీన్ని రీ-ఓపెనింగ్ అంటాం. ఎక్కువగా భార్యాభర్తలు అడుగుతుంటారు.

సుగుణ టీచర్ గారు కూడా అదే అడిగారు. ఆవిడ లాలాగూడలో లెక్కల టీచర్‌గా పనిచేసి రిటైరయ్యారు. పిల్లల్లేరు. భర్త ఆనందరావు గారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. 2010లో పోయారు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ తోటకొచ్చి, మూడో వరుసలో మూడో నంబరు పలక దగ్గర చిన్న పీట వేసుకుని కూర్చునేవారు. పాల ధర దగ్గర్నుంచి పక్కింటి గొడవల దాకా వారం సంగతులన్నీ ఆయనకు చెప్పేవారు. సమాధుల పండుగనాడైతే పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, దిబ్బ అలికి, ముగ్గేసి, కొవ్వొత్తులు పెట్టేవారు.

ఒకసారి వెళ్తూ వెళ్తూ నా గది దగ్గర ఆగారు. "దేవదానం గారూ, బతికున్నప్పుడు నేను రెండు మాటలు మాట్లాడేలోపు ఆయన పేపరు తెరిచేవారండీ. ఇప్పుడేమో చివరిదాకా వింటున్నారు. ఒక్కోసారి నా వెనకాలే నిలబడి వింటున్నట్టుంటుంది. ఒళ్లు జలదరిస్తుంది. ఆయన అలా వినే మనిషి కాదు."

"పైకెళ్లాక అందరూ మారతారమ్మా," అని నవ్వేశాను.

ఆ జూలైలో ఆవిడకు కడుపులో క్యాన్సర్ అని తేలింది. నెల, మహా అయితే రెండు నెలలు అన్నారట డాక్టర్లు. ఆవిడ ఏడవలేదు. గుండ్రటి అక్షరాలతో తోట కమిటీకి అర్జీ రాసి పంపారు: "నన్ను నా భర్త సమాధిలోనే పెట్టగలరు." ఆవిడ కోరిక అదొక్కటే.

అర్జీ వచ్చాక మాట ఇచ్చేముందు మేం ఒక పని చేస్తాం. సమాధిని ఒక పక్క తవ్వి, పాత పెట్టె మట్టిలో పూర్తిగా కలిసిందో లేదో చూస్తాం. ఆ మంగళవారం ముసురు పట్టి ఉంది. పదకొండు గంటలకే వెలుతురు చచ్చిపోయింది. యాదగిరి తవ్వుతున్నాడు, నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. యాదగిరి తండ్రి కూడా మా తోటలో ఇదే పని చేసేవాడు. ఆయన పోయాక కొడుకు వచ్చాడు. గడ్డపార చప్పుడు ఉన్నట్టుండి ఆగింది.

"సార్, జెర ఇటు రా. గిదేందో సూడు."

వంగి చూశాను. నల్లటి తడిమట్టిలో ఒక ఎడమ చేతి ఎముక. దాని చుట్టూ నాలుగు ఆకుపచ్చ మట్టిగాజులు. ఒక్కటీ చిట్లలేదు, వాన చినుకు పడి మెరుస్తున్నాయి. యాదగిరి రెండో పక్క చేత్తో మట్టి తీసి చూశాడు.

"ఆ చేతికి ఏం లెవ్వు సార్. మొగాయన బొందల గాజులెట్లొస్తయ్?"

"కప్పెయ్."

"ఏందీ, మల్ల కప్పాల్నా? ఇప్పుడే గదా..."

"కప్పెయ్యమన్నానా!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. యాదగిరి తలపాగా తీసి, "తప్పైంది తల్లీ" అని మెల్లగా మట్టి తోశాడు. తోటలో ఒక్క కాకి కూడా అరవడం లేదు.

గదికి వచ్చి రిజిస్టర్ తీశాను. "మూడో వరుస, గేటు నుంచి మూడోది, ఆనందరావు." నా రాతే, తప్పేమీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది గేటు. 2011లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు తూర్పువైపు గేటు మూసి గోడ కట్టారు, పడమటివైపు కొత్త గేటు పెట్టారు. కొన్ని నెలలు ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. మిషన్లు తిరిగి దిబ్బలన్నీ చదునైపోయాయి, రేకు పలకలన్నీ పీకి ఓ మూల కుప్ప పోశారు. పని అయ్యాక వాటిని మళ్లీ పాతింది నేనే. రిజిస్టర్ చేత్తో పట్టుకుని, గేటు నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి మరీ పాతించాను. కొత్త గేటు నుంచి!

మిగతా వరుసల్లో రాళ్లున్నాయి కాబట్టి తప్పు జరగలేదు. మూడో వరుసలోని ఎనిమిది సమాధులూ తిరగబడ్డాయి. మూడోదాని పలక ఆరోదానిపైకి పోయింది. ఆరోది ఎవరిదో చూశాను. "రాహేలు, వయసు సుమారు యాభై, ఆశ్రమం నుంచి, బంధువులు లేరు." ఆమెను పెట్టిన రోజు మా పాస్టరు అయ్యగారు, నేను, ఆశ్రమం డ్రైవరు, యాదగిరి తండ్రి తప్ప ఇంకెవరూ లేరు.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. దాన్ని గుర్తు చేసుకోకుండా ఉంటే బాగుండేది. పలకలు పాతిన వారమే సుగుణ టీచర్ గారు వచ్చి, "ఆయన్ని పెట్టింది అటు చివరకి దగ్గరగా కదండీ?" అని అడిగారు. "టీచర్ గారూ, మీ జ్ఞాపకం తప్పొచ్చు, రిజిస్టర్ తప్పదు" అన్నాను. చదువుకున్న మనిషి, కాగితాన్ని గౌరవించే మనిషి. పాపం, నమ్మేశారు.

అయ్యగారి దగ్గరకు పరిగెత్తాను. మా పాస్టరు గారు మంచివారు, మెత్తటి మనిషి. అంతా విన్నారు. "దేవదానం, ఆమెకు ఉన్నది నెల రోజులు. ఇప్పుడు చెప్పి ఆ మనసు ఎందుకు విరగ్గొట్టడం? పలకలు మనం నెమ్మదిగా సరిచేద్దాం. ఆమె పోయాక ఆనందరావు గారి సమాధిలోనే పెడదాం. కోరిక తీరుతుంది కదా."

"మిగతా ఆరు కుటుంబాలో అయ్యగారూ?"

"వాళ్లెవరూ అడగలేదుగా."

నాకూ అది సబబుగానే తోచింది. దయగా ఉంది, లెక్కకు కూడా సరిపోయింది: ఎవరికీ నష్టం లేదు. ఆ రాత్రి ప్రార్థన చేస్తే నాకు కావలసిన జవాబే వెంటనే వచ్చింది. అంత తొందరగా వచ్చే జవాబుల్ని అనుమానించాలన్న జ్ఞానం నాకప్పటికి లేదు.

మర్నాడు యాదగిరి మాత్రం నన్ను వదల్లేదు. "టీచరమ్మకు చెప్తవా సార్?"

"చూద్దాంలే."

"చెప్పాలె సార్. గా గాజుల తల్లికి సుత ఎవ్వలు లేకుండె. ఇన్నేండ్లు టీచరమ్మ ఒక్కతే వచ్చె."

"నీ పని నువ్వు చూసుకో యాదగిరీ," అని కసిరాను.

శుక్రవారం మధ్యాహ్నం లాలాగూడ వెళ్లాను. పాత ఇల్లు, చిన్న గది. కిటికీ పక్కన మంచం మీద ఆవిడ సగమైపోయి ఉన్నారు. అక్క కూతురు మేరీ నన్ను లోపలికి తీసుకెళ్లింది. మంచం ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కోబోయాను.

"అందులో కూర్చోకండి," అన్నారు టీచర్ గారు. "ఆవిడుంది."

కుర్చీ ఖాళీగా ఉంది. "నొప్పికి వేసే మందు అంకుల్. మంగళవారం నుంచి ఇట్లనే మాట్లాడుతోంది," అని మేరీ నా చెవిలో చెప్పి, టీ పెట్టడానికి వెళ్లింది. మంగళవారం అన్న మాట నా చెవిలోనే ఉండిపోయింది. గోడవారగా ఉన్న ట్రంకు పెట్టె మీద కూర్చున్నాను.

"ఎవరండీ ఆవిడ?"

"పేరు చెప్పదు. తల మీద కొంగు కప్పుకుని కూర్చుంటుంది. నేనేం చెప్పినా వింటుంది. ఒక్క చేతికే గాజులు, ఎడమ చేతికి. రెండో చెయ్యి బోసిగా ఉందేమ్మా అంటే పలకదు." ఆవిడ నావైపు తిరిగారు. "సరే, తవ్వి చూశారా? మా ఆయనకి అంతా బాగానే ఉందా?"

గాజుల సంగతి నాకూ, యాదగిరికీ, అయ్యగారికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ మంగళవారం నుంచి అప్పటిదాకా ముగ్గురిలో ఎవరూ ఆ ఇంటి గడప తొక్కలేదు. ఇది ఎలా జరిగిందో ఇవాళ్టికీ నాకు తెలియదు, మందు వల్లనేనని నాకు నేను చెప్పుకుంటాను. కానీ తయారుగా తెచ్చుకున్న మాట నోట్లో ఉంది, వచ్చేసింది.

"ఆయనే అమ్మా. ఆనందరావు గారే ఉన్నారు. మీరేం బెంగ పెట్టుకోకండి."

ఆవిడ నన్ను కాసేపు చూశారు. తర్వాత కుర్చీవైపు తిరిగి, తరగతిలో పిల్లకి చెప్పినట్టు మెల్లగా అన్నారు:

"విన్నావామ్మా? అక్కడ నువ్వు లేవంటున్నారు సార్."

నేను ఆ కుర్చీవైపు చూడలేకపోయాను. అందులో ఎవరూ లేరని తెలుసు, అయినా చూడలేకపోయాను. బంధువులు లేరని రాహేలు గురించి నా చేత్తోనే రాశాను. నా తప్పు వల్లనైనా సరే, ఆమెకంటూ పన్నెండేళ్లు ఒక మనిషి దొరికింది. ఇప్పుడు ఆ ఒక్క మనిషి ముందే, ఆమె అసలు లేదంటున్నాను. ఎవరికీ నష్టం లేదని లెక్క కట్టినప్పుడు ఆమెను మనిషిగా లెక్కలోకే తీసుకోలేదు నేను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

ట్రంకు దిగి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. గేటు, పలకలు, గాజులు, ఇప్పుడు ఆడిన అబద్ధం, అంతా చెప్పేశాను. "ఆమె పేరు రాహేలు" అన్నాను.

టీచర్ గారు కళ్లు మూసుకున్నారు. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను. కాదు, లెక్క.

"వరుస మొత్తం తిరగబడింది. అంటే ప్రతి సమాధి దగ్గరకూ వేరేవాళ్ల మనుషులు వెళ్లారు. ఆరో పలక మా ఆయన మీద ఉంది. ఆ పలక కోసం వచ్చేవాళ్లు లేరు." కళ్లు తెరిచి నావైపు చూశారు. "పన్నెండేళ్లు ఆ మహానుభావుడి దగ్గరకు ఒక్కరూ వెళ్లలేదు దేవదానం గారూ. అటు చివర అని నేను చెప్పానా లేదా? చెప్పానా?"

"చెప్పారమ్మా."

"నన్ను నోరు మూయించారు మీరు."

అంత బలహీనమైన మనిషి అంత గట్టిగా ఏడుస్తుందనుకోలేదు. మేరీ పరిగెత్తుకొచ్చింది. క్షమించమని అడగబోయాను. చెయ్యెత్తి ఆపేశారు. "అది తర్వాత. ముందు ఆ ఆరిళ్లకీ వెళ్లి, మీ నోటితో చెప్పి రండి. నాకు చెప్పినట్టు మోకాళ్ల మీద అక్కర్లేదు, నిలబడే చెప్పండి. అబద్ధం మాత్రం వద్దు."

వెళ్లాను. కమిటీకి చెప్పకుండా వెళ్లానని అయ్యగారు మొదట కోప్పడ్డారు. మూడో ఇంటినుంచి ఆయన కూడా నాతో వచ్చారు, నేనడగలేదు. బోయిన్‌పల్లిలో కూరగాయల వ్యాపారం చేసే ఒకాయన, "మా అవ్వ అనుకుని ఎవలికి మొక్కిన నేను? దిమాక్ ఉందా నీకు?" అని మార్కెట్‌లో అందరి ముందూ కాలరు పట్టుకున్నాడు. నిజమే మరి, ఏమనగలను? ఒక తల్లి తన ఆరేళ్ల పిల్లాడి సమాధి దగ్గర ఇన్నాళ్లూ ఎవరు ఏడ్చారో చెప్పమని అడిగింది. చెప్పాను. ఆ అమ్మాయి చున్నీ నోటికడ్డం పెట్టుకుని వాళ్ల చిరునామా అడిగి తీసుకుంది.

ఆరిళ్లకు పదహారు రోజులు పట్టింది. ఒక కుటుంబం ఇల్లు మారింది, వెతుక్కుంటూ తిరిగాను. చివరి ఇల్లు అయిన సాయంత్రమే లాలాగూడ వెళ్లాను. టీచర్ గారి గొంతు దారంలా ఉంది.

"ఆరూ అయ్యాయా?"

"అయ్యాయమ్మా."

"తిట్టారా?"

"ముగ్గురు తిట్టారు."

"మంచిది," అన్నారు. మొహంలో చిన్న నవ్వు. ఊపిరి కూడదీసుకుని మళ్లీ మొదలుపెట్టారు. "మీవి రెండు తప్పులండీ. ఆవిడ లేదన్నారు చూడండి, దాన్ని ఆవిడ క్షమించింది. నిన్న మొదటిసారి నోరు తెరిచింది." నేను తల ఎత్తలేదు. "నన్నూ, మా ఆయన్నీ విడదీశారే, అది నేను క్షమించాలి. అది నాకింకా రావడం లేదు. వచ్చిందని అబద్ధం చెప్పలేను. ఇవ్వమని రోజూ ప్రభువుని అడుగుతున్నా. టైం సరిపోతుందో లేదో."

మూడో రోజు ఆవిడ పోయారు. మూడో వరుసలో అసలైన మూడో చోటే తెరిచి, యాదగిరీ నేనూ ఆవిడను ఆయనతో కలిపి పెట్టాం. ఆరిళ్లలో నాలుగిళ్లవాళ్లు వచ్చారు.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటే. జాలి, లెక్క, ప్రార్థన, ఈ మూడూ నా దగ్గర ముందే ఉన్నాయి. మూడింటినీ నా తప్పు కప్పుకోవడానికే వాడాను, పైగా దాన్ని దయ అనుకున్నాను. ఎవరి మంచికోసం దాస్తున్నామని అనిపించినా సరే, దాచడం వల్ల ముందు ఎవరు తప్పించుకుంటున్నారో చూసుకోవాలి. కొత్తగా చేరిన గుమస్తాలకు ఇదే చెప్తాను. టీచర్ గారి సంగతి కూడా చెప్తాను. ఆవిడ చివరికి క్షమించారా అని అడుగుతారు వాళ్లు. మేరీని ఒకసారి నేనూ అడిగాను. చివరి రోజు మాట పడిపోయిందట, పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయట. ఏమంటున్నారో ఎవరికీ వినపడలేదు.