కుడి చెంప మీది మచ్చ

తొంభైల్లో ఓ సాయంత్రం, తొండియార్‌పేట బస్సులో ఒకాయన లేచి నాకు సీటిచ్చాడు. ఆయన కుడి చెంపంతా కాలిన మచ్చ. వారపత్రికలో నడుస్తున్న నా సీరియల్‌కి సరైన విలన్ దొరక్క తంటాలు పడుతున్న రోజులవి. కూర్చోగానే కాగితం తీసి, పైన సీరియల్ పేరు పెట్టి, ఆ ముఖాన్నే రాయసాగాను: కాలిన కుడి చెంప, పాపిష్టి చూపు. మద్రాసు బస్సులో తెలుగు చదివేదెవరులే అనుకున్నాను.

పక్కనే నిలబడ్డ ఆయన వంగి, మెల్లగా అన్నాడు: "మా పాపకి తెలుగు నేర్పించింది నేనే సార్. ఈ సీరియల్ వారం తప్పకుండా చదువుతాది. ఆ మచ్చని ఎడమ చెంపకి మార్చండి సార్."

ఇంటికెళ్లి ఎడమ చెంపకి మార్చాను. అసలు మచ్చే తీసేయొచ్చని, సీరియల్ మొత్తం అచ్చయిపోయేదాకా నాకు తోచలేదు.