గుమ్మం దగ్గర ఆగిన కత్తెరలు

సానమ్మకు ఆ పేరు ఎవరు పెట్టారో ఆమెకే గుర్తులేదు. కత్తెరలకూ కత్తులకూ పదును పెట్టడం తండ్రి దగ్గర నేర్చిన విద్య. పేరు ఆ విద్య వెంటే వచ్చింది. బస్టాపు పక్క మలుపులో, తాళాల కొట్టుకూ పూలకొట్టుకూ నడుమ ఆమెది ఒక గది. అందులో సానరాయి, దాన్ని తిప్పే మోటారు, గోడకు మేకులు, మేకులకు కత్తెరలు. పదును పెట్టిన కత్తెరను ఆమె ఊరికే తిరిగి ఇవ్వదు. తడిపి పిండిన పలుచని గుడ్డను కత్తెర మొనతో కత్తిరించి చూస్తుంది. ఒక్క పోగు చిక్కుకున్నా కత్తెర మళ్లీ సానకెక్కవలసిందే. "పొడిగుడ్డనైతే పళ్లతోనైనా చింపొచ్చు" అంటుంది.

ఆమె పనికి వంక పెట్టినవారు లేరు, పనే తగ్గింది. పాత దర్జీలు కొందరు చూపు మసకబారి కుట్టు మానేశారు. కొత్తవాళ్లకు సానమ్మ ఎవరో తెలియదు. నెలాఖరులోగా కొట్టు ఉంచుకుంటుందో, ఖాళీ చేస్తుందో చెప్పమని గది యజమాని కబురు పెట్టాడు. ఖాళీ చేస్తే పనిని ఇంటికి తెచ్చుకునే వీలు లేదు. కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్తగారు ఒక షరతు పెట్టింది: పరాయివాళ్ల కత్తీ కత్తెరా ఇంటి గడప దాటకూడదు. పసితనంలో కొడుకు వేలు తెగి కారిన రక్తం ఆమె కళ్లలో ఇంకా ఆరలేదు. సానమ్మ ఇచ్చిన మాట ఏనాడూ తప్పలేదు.

కొత్తవాళ్లు వెతుక్కుంటూ రావాలని కొట్టును ఫోనులోని మ్యాపులో పెట్టించింది. పెట్టింది భర్తే, బస్సు డ్రైవరుకు దారులు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తాయి! అయినా ఒక్క కొత్త ముఖమూ కనబడలేదు. అది చాలదన్నట్టు, అప్పటినుంచే అత్తగారు ముభావంగా ఉంటోంది. కూర బాగుందన్నా మొహం తిప్పుకుంటోంది.

ఒక ఆదివారం ఆడపడుచు నేరుగా కొట్టుకు వచ్చింది. పన్నుల లెక్కలు చూసే ఆఫీసులో ఆమె ఉద్యోగం. సానమ్మ బిల్లులు దాచుకునే బిస్కెట్ల డబ్బా తెరిచి, ఒక కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"దీనిమీద అక్షరాలేవి వదినా?"

"రాయి కొన్నప్పుడు ఉన్నాయి అమ్మడూ."

"ఈ బిల్లుల మీద అచ్చు వేడికి ఎగిరిపోతుంది. చేతికి రాగానే ఫోటో తియ్యి. రాయి కొన్నా, మోటారు బాగుచేయించినా కొట్టు ఖర్చే. కాగితం లేకపోతే ఆ ఖర్చు పెట్టనట్టే లెక్క, దానిమీదా పన్ను పడుతుంది. ఇంకోటి, కొట్టు డబ్బూ ఇంటి డబ్బూ ఒకే ఖాతాలో వెయ్యకు."

"రెండూ ఒకే ఇంటివి కదే!"

"ఒకే ఇల్లని ఉప్పూ చక్కెరా ఒకే డబ్బాలో పోస్తావా? పన్ను వాటా కూడా వచ్చినరోజే పక్కన పెట్టు. కట్టేటప్పుడు ఏడవక్కర్లేదు."

"ముందు రాబడి ఉండాలిగా, పన్నుకి! మ్యాపులో పెట్టినా పిట్ట కూడా వాలలేదు."

"ఎప్పుడైనా కొత్తదానిలా వెతికి చూశావా?"

"నా కొట్టుకు నేను దారి వెతుక్కోవాలా?"

"అదే చెయ్యాలి. పద."

బస్టాపు దగ్గర నిలబడి ఆడపడుచు తన ఫోనులో కొట్టు పేరు వెతికింది. ఇద్దరూ ఫోను చెప్పినట్టే నడిచారు. పూలకొట్టు దాటారు, పిండిమర దాటారు. సానమ్మ ఏదో అనబోతే, "నువ్వు కొత్తదానివి, నీకు దారి తెలీదు" అని నోరు మూయించింది. పసుపు గేటు ముందుకు రాగానే గమ్యం చేరుకున్నారని ఫోను ప్రశాంతంగా ప్రకటించింది. అది సానమ్మ ఇల్లు.

తలుపు తట్టారు.

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా!" లోపలినుంచి అత్తగారి గొంతు దూసుకొచ్చింది. "ఇది సంసారుల ఇల్లు. కత్తెరలు పట్టుకుని గుమ్మమెక్కితే ఊరుకోను!"

తలుపు తెరిచి చూస్తే ఎదుట కూతురూ కోడలూ!

"అమ్మా, నీ నాలుకకి సాన అక్కర్లేదే" అంది కూతురు.

సానమ్మకు మాత్రం ఒక్క సంగతే పట్టింది. "కత్తెరలతో జనం వచ్చారా అత్తయ్యా? నిజంగా వచ్చారా?"

"రాకేం? నాకు చెప్పకుండా పని ఇంటికి మళ్లించావనుకున్నాను. అడిగితే గయ్యాళినంటారని నోరు మూసుకున్నాను."

"మా దగ్గర మూసి, వచ్చినవాళ్ల మీద తెరిచావు!"

లోపల భర్తగారు చేతిలోని పేపరును మొహానికి అడ్డంగా ఎత్తుకున్నాడు.

"బస్సయితే డిపోకి చేరుస్తావు సరే, కొట్టుని ఇంటికెందుకు చేర్చావన్నయ్యా?"

"ఇప్పుడున్న చోటేనా అని ఫోను అడిగింది. నేనేమో ఇంట్లోనే ఉన్నాను. అబద్ధమెందుకని ఔనని నొక్కాను."

సానమ్మకు నవ్వాగలేదు. తన పని వద్దనుకుని జనం రాకుండా పోలేదు. తన గుమ్మం దాకా వచ్చే వెళ్లారు. ఆ ఊరట వెంటే దిగులు పట్టుకుంది. "వాళ్లనిప్పుడు ఎక్కడని వెతకడం?"

"వెతకడమెందుకు? పిండిమర సందులో సెలూన్ అబ్బాయి. గడియారం మేడలో గౌన్లు కుట్టే ఆవిడ. కుక్కలకి జుట్టు కత్తిరించే అమ్మాయి, పాపం, ఇంకా పెళ్లి కాలేదట" అంది అత్తగారు.

"అవన్నీ నీకెలా తెలుసే?"

"ఊరూ పేరూ కనుక్కోకుండా ఎవర్నయినా తిడతానా?"

ఆ సాయంత్రం భర్త కొట్టు ముందు నిలబడి మ్యాపును సరిచేశాడు. మర్నాడు అత్తగారు చెప్పులు వేసుకుని, తాను తిట్టి పంపినవాళ్ల దగ్గరికే బయలుదేరింది. "ఊరికే పని అడక్కమ్మా, వాళ్లకేం కావాలో కూడా కనుక్కో" అని కూతురు చెప్పి పంపింది. కనుక్కోవడం ఆమెకు ఒకరు నేర్పాలా! సెలూన్ అబ్బాయికి గిరాకీల మీద కప్పే గుడ్డలు కావాలి. గౌన్ల ఆవిడ దగ్గరికి పంపింది. ఆవిడ కార్డులు సానమ్మ బల్లమీదికీ, సానమ్మ కార్డులు ఆవిడ కుట్టుమిషను పక్కకూ చేరాయి.

నెలాఖరున గది యజమాని వచ్చేసరికి గదిలో నిలబడడానికి చోటు లేదు. గౌన్ల ఆవిడ కత్తెర తడిగుడ్డలో నీళ్లలో చేపలా సాగిపోతోంది.

"ఖాళీ చేస్తున్నట్టా అమ్మా?"

"చేయనండీ" అంది సానమ్మ, గుడ్డమీదినుంచి చూపు తిప్పకుండా.

సాయంత్రం అత్తాకోడళ్లు కలిసే ఇల్లు చేరారు. పసుపు గేటు దగ్గర అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"సంచిలో ఏముంది?"

"కత్తెరలు కాదు అత్తయ్యా, కొత్త రాయి బిల్లు."

"ఫోటో తీశావా?"

సానమ్మ తలాడించాకే గేటు తెరుచుకుంది.