ఏడో నంబరు బావి

పీహెచ్‌డీ నిబంధనల పుస్తకాన్ని మొదటిసారి చదివినప్పుడు దాన్ని నేను ధరల పట్టీగానే చూశాను. ధరల పట్టీ గోడకు వేలాడదీయడానికే గాని దాని ప్రకారం అమ్మడానికి కాదని నమ్మే ఇంట్లో పుట్టాను మరి. సంగారెడ్డి పాత బజారులో మాది కిరాణా దుకాణం. ఎమ్మెస్సీ దాకా చదివినా, పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం దొరికినా, ఎవరు ఏ మాట చెప్పినా అందులో ఎంత తగ్గుతుందో చూసే గుణం మాత్రం నన్ను వదల్లేదు.

ఉద్యోగం చేసుకుంటూ డాక్టరేటు చేసేవాళ్లకు నిబంధనలు ఇవి. ప్రవేశ పరీక్ష రాయాలి, ఇంటర్వ్యూ దాటాలి. యజమాని నుంచి ‘అభ్యంతరం లేదు’ అన్న పత్రం తేవాలి. ఒక సెమిస్టరు తరగతులకు కూర్చోవాలి. ఆ తర్వాత ఆరు నెలలకొకసారి కమిటీ ముందు నిలబడి చేసిన పని చూపించాలి. ఆరేళ్లలో ముగించాలి. ముగియకపోతే, బతిమాలుకుంటే, ఇంకో రెండేళ్లు. ఆ పైన పేరు కొట్టేస్తారు. మళ్లీ కావాలంటే ప్రవేశ పరీక్ష నుంచి మొదలుపెట్టాలి.

యూనివర్సిటీ సెక్షన్‌లో క్లర్కును అడిగాను. "సార్, తరగతులు వారమంత అంటున్నరు. నేను శనివారం పొద్దుగాల నుంచి పొద్దుమీకేదాక కూసుంట. నడుస్తదా?"

ఆయన తల ఎత్తలేదు. "మీరు దుకాణపోళ్లా?"

"ఎట్ల తెలిసింది సార్?"

"అందరు రూల్ ఏంది అని అడుగుతరు. మీరు రూల్ ఎంత అని అడుగుతున్నరు."

శనివారాలు నడవలేదు. ఫ్యాక్టరీలో ఆ సెమిస్టరంతా రెండో షిఫ్టుకు మారాను. బేరంలో ఓడినట్టు ఇంట్లో చెప్పలేదు, షిఫ్టు నేనే అడిగి మార్పించుకున్నానని చెప్పాను.

అంశం ఎంచుకోవలసి వచ్చినప్పుడు మా గైడ్ మేడం అడిగింది. "ఇంకొకళ్ల దగ్గర లేనిది నీ దగ్గరేముంది?" ఆలోచిస్తే నా దగ్గర ఉన్నది మా బాపు గిరాకీలు. ఫ్యాక్టరీల వెనుక ఉన్న ఒక ఊరు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ ఊళ్లో సగం మంది మా దుకాణంలోనే సరుకు కొంటారు. కొత్తవాడు సీసా పట్టుకొని పోతే కంపెనీ మనిషివా, పేపర్ మనిషివా అని గడప బయటే నిలబెడతారు. నాకైతే మంచం వాల్చి చాయ్ పోస్తారు. అలా ఆ ఊరి బావుల నీళ్లు నా అంశమయ్యాయి. మొత్తం పద్నాలుగు. ఊరి మీద ప్రేమతో ఎంచుకున్నానని ఇంటర్వ్యూలో చెప్పాను గాని, చవకగా దొరికింది కాబట్టి ఎంచుకున్నాను.

ఏడో నంబరు బావి ఒక అవ్వది. మా ఫ్యాక్టరీ వెనుక గోడకు అన్ని చేలకంటే దగ్గరగా ఉన్నది ఆమె చెలకే. నాలుగు బర్రెలుండేవి, రెండు చనిపోయాయి. ఆమె తాగడానికి ఫిల్టరు నీళ్ల డబ్బా తెచ్చుకునేది. మిగిలిన బర్రెలకు ఇంకో చెలక నుంచి బిందెలతో మోసేది. సొంత బావి నిండుగా ఉండగా నీళ్లు మోయడం ఆమెకు పెద్ద అవమానంగా ఉండేది. ఆఫీసులకు తిరిగింది. ప్రతి చోటా ఒకటే మాట. నీ నీళ్లల్ల ఏమున్నదో కాగితం ఉన్నదా?

"నువ్వు డాక్టరు అయితవంట గదా, సేటు కొడుకా?" అని మొదటి ఆదివారమే అడిగింది.

"సూది వేసే డాక్టరు కాదవ్వా. పుస్తకం రాసే డాక్టరు."

"ఆ పుస్తకంల మా బాయి ఉంటదా?"

"ఉంటది. ఏడో నంబరు."

"ఆఫీసుల సార్లు నమ్ముతరా?"

"యూనివర్సిటీ ముద్ర ఉంటదవ్వా. నమ్మక ఎక్కడికి పోతరు?"

నమూనా తీసే సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, నాలుగోసారి నింపాలి. అవ్వ ఒకసారి చూసి నేర్చుకుంది. తర్వాత నేను పోయేసరికి ఆమే సీసా లాక్కొని, "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెడుతూ కడిగి నింపి ఇచ్చేది. మూత మీద నేను మార్కరుతో ఏడు వేస్తే, అదొక్కటి గుర్తుపట్టడం నేర్చుకుంది. ఇంకో సీసా ఏదైనా చేతికిస్తే, "ఇది మాది కాదు" అని పక్కకు పెట్టేది.

ఆ నమూనాలన్నీ మా ఫ్యాక్టరీ ల్యాబులోనే పరీక్షించాను. ల్యాబ్ హెడ్ కోస్తా నుంచి వచ్చిన కుటుంబం మనిషి. తండ్రి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో పనికి వచ్చి స్థిరపడ్డాడట. మర్యాదస్తుడు. "మిషన్లు ఖాళీగా ఉన్నప్పుడు చేసుకోండి బాబూ, చదువుకునేవాళ్లకి అడ్డుపడతామా" అన్నాడు. నోటి మాటే, కాగితం లేదు.

ఏడో నంబరు నీళ్లు మిషన్‌లో పెట్టిన రోజు తెర మీద ఒక గీత లేచింది. అది లేచిన చోటు చూడగానే నాకు దాని పేరు తెలుసు. రోజూ మా గోదాములో రసాయనం డ్రమ్ముల మీద చదివే పేరు. మళ్లీ పెట్టాను. మూడోసారి కొత్త సీసా తెచ్చి పెట్టాను. గీత అక్కడే, అంతే ఎత్తున లేచింది. ఆ పేజీ అచ్చు తీసి, థీసిస్‌లో వేసి, ఆ సంగతి ల్యాబులో ఎవరికీ చెప్పలేదు. అవ్వకు కూడా ముద్ర పడ్డాకే చెబుదామనుకున్నాను. ధైర్యం అనుకున్నాను అప్పుడు. తొందరపడి సరుకు చూపించని తెలివి అని కూడా అనుకున్నాను.

ఆరేళ్లు అయిపోయాయి. పెళ్లి, కిష్టారెడ్డిపేటలో ఫ్లాటు, షిఫ్టులు, కమిటీలు. బతిమాలితే రెండేళ్లు ఇచ్చారు. అవీ చివరికి వచ్చాయి. థీసిస్ ఇవ్వడానికి పంతొమ్మిది రోజులు మిగిలాయి. ఆ నెలాఖరుకే మేడం రిటైర్మెంటు. అప్పుడు క్లర్కు నా ఫైలు తిప్పి, "పరీక్షలు చేసిన ల్యాబు నుంచి అనుమతి పత్రం ఏది?" అన్నాడు. ఫలితాలు వాడుకోవడానికి అభ్యంతరం లేదని ల్యాబు రాసివ్వాలి. అది లేనిదే తీసుకోరు. ఇంకో ల్యాబులో అన్నీ మళ్లీ చేయించాలంటే ఏడాది పడుతుంది.

మా బాపు నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. "మొదలు ధర చెప్పినోడు మునిగినట్టే. గిరాకీ నోరు తెరిచేదాక నువ్వు తెరవకు." ఎదుటివాడు ఎంతసేపు మౌనంగా ఉన్నా బాపు దారం ఉండ చుడుతూ కూర్చునేవాడు. చివరికి వాడే తట్టుకోలేక ఒక మాట అనేవాడు. అక్కడితో బేరం మాది.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ల్యాబ్ హెడ్ గదికి పోయి థీసిస్ ఆయన ముందు పెట్టాను. అనుమతి పత్రం కావాలని రెండు రోజుల ముందే అడిగి ఉన్నాను. ఆయన పేజీలు తిప్పసాగాడు. ఏమీ అనడు. ఏసీ చప్పుడు తప్ప గదిలో ఇంకేం లేదు. మొదటి అధ్యాయం దాటింది, పటం దాటింది. నాకు ఆయన వేళ్లు ఒక్కో పేజీ దగ్గర ఆగుతున్నట్టు కనిపించింది. దారం ఉండ నా చేతిలో లేదు.

"ఏడో బావి కావాలంటే తీసేస్తాను సార్," అన్నాను.

ఆయన తలెత్తాడు. "ఏడో బావా? ఏముందండీ అందులో?"

అప్పటికే ఆలస్యమైంది. ఆయన ఆ పేజీ వెతికి తీశాడు. చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ చదివాడు. తర్వాత తన ఎదుట ఉన్న అట్ట ఫైలును పక్కకు జరిపాడు. దాని కింద మా కంపెనీ పేరున్న కాగితం మీద నా అనుమతి పత్రం ఉంది. టైపు చేసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఉంది. నేను చూస్తుండగానే దాన్ని సొరుగులో పెట్టాడు.

"పొద్దున్నే సంతకం పెట్టేశానండీ," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "నేనేమైనా అడిగానా మిమ్మల్ని? ఇప్పుడు తెలిశాక ఎలా ఇవ్వను? సరే, మీరన్నట్టే తీసేయండి. రేపు వేరేది టైపు చేయిస్తాను."

ఎనిమిదేళ్ల పనికి, ఎవరూ అడగకముందే, నేనే ధర పలికాను. దుకాణపోడి కొడుకును.

ఇంటికి పోయి ఏడో బావి పేజీలు తీసేశాను. పద్నాలుగు పదమూడయ్యాయి. ఇక్కడ బాపు రెండో పాఠం పనికొచ్చింది. అలమారలో ఒక సరుకు అయిపోతే దాని చోటు ఖాళీగా ఉంచేవాడు కాదు. వెనక ఉన్న డబ్బాలను ముందుకు జరిపేవాడు. "ఖాళీ కనబడ్డదంటే గిరాకీ ఆ ఖాళీనే అడుగుతడు" అనేవాడు. ఆరు తర్వాత ఎనిమిది ఉంటే పరీక్షించేవాళ్లు ఏడు ఏదని అడుగుతారు. కాబట్టి ఎనిమిదిని ఏడు చేశాను, తొమ్మిదిని ఎనిమిది చేశాను, చివరి దాకా అలాగే జరిపాను. పాత ఎనిమిది ఊరికి అవతలి వైపు బావి, మంచి నీళ్లు.

"పద్నాలుగు కదా?" అంది మేడం.

"ఒక బాయి నమూనాలు ఖరాబైనయ్ మేడం."

ఆమె నన్ను కాసేపు చూసి, "ఖరాబైనయా," అని మాత్రం అని సంతకం పెట్టింది. ఇంకొకరి రాతను కాపీ కొట్టానా అని యూనివర్సిటీ కంప్యూటర్‌లో వేసి చూశారు. శుభ్రంగా ఉందని పత్రం వచ్చింది. ఎత్తుకొచ్చిన దాన్ని ఆ కంప్యూటర్ పట్టుకుంటుంది. తీసేసిన దాన్ని పట్టుకోదు.

చివరి మౌఖిక పరీక్ష బహిరంగంగా జరగాలన్నది నిబంధన. ముందుగా నోటీసు అంటిస్తారు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, అడగవచ్చు. ఎవరూ రారు. వచ్చినా స్నేహితులొచ్చి సమోసాలు తిని పోతారు. కాని బాపు సంబరపడి దుకాణానికి వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పాడు, మావోని పరీక్ష, ఎవలన్న పోవచ్చంట అని.

తెర మీద పటం వేసి మాట్లాడుతూ తలెత్తితే, చివరి వరుసలో అవ్వ. ఉతికిన చీర, ఒళ్లో చేతి సంచి. రెండు బస్సులు మారి వచ్చి ఉంటుంది. పటం మీద పదమూడు చుక్కలు, మంచి నీళ్లకు పచ్చ, చెడ్డ నీళ్లకు ఎరుపు, పక్కన నంబర్లు. నేను ఇంగ్లిష్‌లో చెబుతున్నది ఆమెకు ఒక్క ముక్క తెలియదు. ఏడు మాత్రం తెలుసు.

బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు రెండు ప్రశ్నలు అడిగి, వరుస చక్కగా ఉందని మెచ్చుకున్నాడు. అధ్యక్షుడు రివాజు ప్రకారం, "సభలో ఎవరికైనా సందేహాలున్నాయా?" అన్నాడు. అప్పటికే కాగితాలు సర్దుకుంటున్నాడు.

అవ్వ లేచింది. "నాకొక్కటి ఉన్నది సార్. అండ్ల ఏడు పచ్చగున్నది. అంటే మా బాయి నీళ్లు మంచివేనా?"

హాలంతా ముచ్చటగా నవ్వింది. పరీక్షకుడు కుర్చీలో వెనక్కి తిరిగి ఆమెను చూసి మురిసిపోయాడు. "చూశారా, పరిశోధన అంటే ఇదీ. చెప్పవయ్యా, ఆమెకు తెలుగులోనే చెప్పు."

అందరూ నా వైపు చూశారు. ఆ ఏడు నీది కాదవ్వా అంటే, మరి ఆమెది ఏదని వెంటనే అడుగుతారు.

"ఏడో నంబరు నీళ్లు మంచివే," అన్నాను.

అబద్ధం కాదు. పచ్చ చుక్క పక్కన ఉన్న ఏడో నంబరు నీళ్లు నిజంగానే మంచివి. తూకంలో ఎవరూ తప్పు పట్టలేని మాట. అవ్వ అందరికీ దండం పెట్టి, బస్సు వేళయిందని వెళ్లిపోయింది. కాసేపటికి నన్ను డాక్టర్ అని పిలిచి శాలువా కప్పారు. ఫోటోలు అయ్యాక ఆమె వెనకే పోవచ్చు అన్న ఆలోచన కూడా సాయంత్రం బాపు పెట్టించిన ఊరేగింపులో పడి పోయింది. పోయింది అంటున్నాను గాని, నేనే పోనిచ్చాను.

మర్నాడు పొద్దున బండి వేసుకొని పోయాను. అవ్వ చెలకలోనే ఉంది. బర్రెల తొట్టి బావి నీళ్లతో నింపి ఉంది. సగానికి పైగా తగ్గి ఉంది.

"రా, బిడ్డా. నిన్న మాపటికే బర్రెలకు తాపిన. ఎన్నేండ్లాయెనో బిందెలు మోసి మోసి నడుము పట్టేసి," అని నవ్వి, స్టీలు గ్లాసు బకెట్‌లో ముంచి నా చేతికిచ్చింది. "నువ్వు గూడ తాగు. నేను పొద్దుగాల్నే తాగిన."

గ్లాసు చల్లగా ఉంది. వాసన నాకు తెలిసిందే.

"అవ్వా, ఆ ఏడు మీది కాదు."

"మరి మాదేది?"

"పుస్తకంల లేదు. తీసేసిన."

"ఎందుకు? ఏం దొర్కలేదా?"

"దొర్కింది. నీళ్లు మంచివి కావు. తాగొద్దు. బర్రెలకు పొయ్యొద్దు."

ఆమె తొట్టి వైపు చూసింది, బర్రెల వైపు చూసింది. అడిగింది నెమ్మదిగానే. "ఎవలు తీయమన్నరు?"

"ఎవలు అనలేదు అవ్వా."

నేను జేబులోంచి ఆ పాత గీత ఉన్న పేజీ తీసి ఇచ్చాను. తీసుకొని అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ముద్ర ఉన్నదా?"

"లేదు."

కాగితం మడిచి నా చేతిలోనే పెట్టింది. గ్లాసు తీసుకొని నేల మీద కుమ్మరించింది. పక్కనున్న ఫిల్టరు డబ్బా నీళ్లతో మూడుసార్లు కడిగింది, ఈసారి లెక్కపెట్టలేదు. గ్లాసు బోర్లించి తొట్టి దగ్గరికి పోయి, నీళ్లు పారబోయడానికి దాన్ని ఒరగేయబోయింది. బరువుగా ఉంది. నేను వెళ్లి ఒక వైపు చేయి వేశాను.

"ఉండనియ్యి, డాక్టర్ సాబ్," అంది.