మామ వినని మోటారు

మా మేనమామ పోయారు. పొద్దున షాపు షట్టరు ఎత్తుతూ కూలబడ్డారని పక్కన టీ కొట్టు నడిపే అవ్వ ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి షట్టరు మోకాలెత్తున ఆగి ఉంది. లోపల చీకట్లో, ముందురోజు నేను చుట్టిన బోరు మోటారు బల్ల మీదే ఉంది. ఆయన దాన్ని ఇంకా వినలేదు.

సిద్దిపేటలో కాలిన మోటార్లకు కొత్త రాగితీగ చుట్టే షాపు ఆయనది. నేను డిగ్రీ మధ్యలో మానేసి అక్కడ చేరాను. "ఆడపిల్లకు గీ పనేంది?" అని చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. మామ ఏమీ అడగలేదు, తీగచుట్ట చేతికిచ్చి కూర్చోమన్నారు. ఇవాళ నా చేతిలో ఒక పనుందంటే అది ఆయన పెట్టిన అన్నమే.

ఆయన షాపులో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. "కరెంటు కండ్లకు కనబడదు బిడ్డా. కనబడనిదాని ముందట నెమ్మదిగ ఉండాలె" అనేవారు. చుట్టడం అయ్యాక మోటారు కాసేపు నడిపి, స్క్రూడ్రైవర్ మొన దానికి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. అవతల ఎవరో గుసగుసగా చెబుతుంటే వింటున్నట్టు ఉండేది. బాగుంటే గొంతులోంచి సన్నగా "ఊఁ" అనేవారు. లేదంటే తీగంతా విప్పేసేవారు. అప్పుడు నాకు ఏడుపొచ్చేది, కోపమూ వచ్చేది. నేనొక్కదాన్నే చుట్టినదానికి ఆ "ఊఁ" ఒక్కసారి కూడా దక్కలేదు.

మూడోనాడు మా నాన్న అన్నాడు. "షాపు కిరాయికిద్దాం. నువ్వు మళ్ల డిగ్రీల చేరు."

"బల్ల మీది మోటరు సరిగ్గ నడువకుంటే చేరుత బాపూ."

అది చిన్నకోడూరు రైతుది. ఆయన వరి ఎండుతోంది.

మర్నాడు ఒక్కదాన్నే షట్టరు ఎత్తాను. మోటారు నడిపి, మామ స్క్రూడ్రైవర్ చెవి వెనక పెట్టుకున్నాను. మొదట నా గుండె చప్పుడే వినిపించింది. తర్వాత సన్నటి మోత, ఎక్కడా గరగర లేదు. స్విచ్ ఆపాను. మోటారు ఆగింది కానీ మోత ఆగలేదు. చెవి వెనక, ఎవరి గొంతులోంచో వస్తున్నట్టు ఇంకా వినబడుతూనే ఉంది. పిడి తీయాలన్నా భయమేసింది, తీస్తే అది పోతుందనీ భయమేసింది.

టీ కొట్టు అవ్వ రెండు గ్లాసులతో వచ్చింది.

"రెండెందుకవ్వా?"

"లోపట మీ మామ ఊఁ అన్నట్టు వినబడ్డది బిడ్డా, అందుకే తెచ్చిన" అంది. అన్నాక గానీ ఆయన లేరని ఆమెకు గుర్తు రాలేదు. చెంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

రెండో గ్లాసు ఆయన కూర్చునే వైపు పెట్టాను. మోటారు తయారైందని రైతుకు ఫోన్ చేసి వెనక్కి తిరిగాను. బల్ల మీద ఏదీ నడవడం లేదు. ఆ గ్లాసులో టీ మాత్రం సన్నగా వణుకుతోంది.