గ్యారేజీల నైరుతి మూల

ముందు నా తెలివితక్కువ సంగతి చెప్త. నాకు తెలియని సంగతి ఆ తర్వాత. రెండూ ఒకే గ్యారేజీల, ఒకే మూలన జరిగినయి.

దయ్యాలు, గాలి సోకుడు, ఇసొంటివి నేను ఎన్నడూ నమ్మలేదు. చిన్నప్పటి నుంచి చర్చికి పోయేటోన్ని, నాకు తెలిసిన ఆత్మ పరిశుద్ధాత్మ ఒక్కటే. ఇప్పటికీ అంతే. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్న.

మాది ఆలూరు. ఉద్యోగం చేసుకుంట చిన్న మంగళారంల ఇల్లు కట్టుకున్న. మా అవ్వ, నన్ను కన్నతల్లి, చివరి రోజులు ఈ ఇంట్లనే గడిపింది. ఆమె పోయి సంవత్సరం అవుతుందని ఒక ఆదివారం జ్ఞాపకార్థ కూటం పెట్టుకున్నం. సంఘమంతా కూర్చునే జాగ గ్యారేజీ ఒక్కటే. దాని సిమెంటు నేల ఎంత ఊడ్చినా దుమ్ము లేస్తనే ఉంటది. అవ్వకు దుమ్మంటే పడేది కాదు. ఆమె పేరు మీద కూటం పెట్టి, వచ్చినోళ్ల తెల్లబట్టలకు దుమ్ము అంటించి పంపుడు నాకు మనసొప్పలేదు. అందుకే నేలకు ఎపాక్సీ కోటింగ్, అదే అద్దం తీరు గట్టిపడే రంగు, వేద్దామనుకున్న.

నా భార్య తమ్ముడు దానియేలుకు మొయినాబాద్‌ల పెయింట్ల దుకాణం ఉన్నది. డబ్బాలు ఇచ్చుకుంట చెప్పిండు: "బావ, ఇది ఒక్కనితోని అయ్యే పని కాదు. ఒకరు కలపాలె, ఒకరు రోలర్ కొట్టాలె. రెండు డబ్బాలు కలిపినంక అది మన కోసం ఆగదు, గట్టిపడతది."

"గోడలకు సున్నం వేసినోన్ని, నేలకు వెయ్యలేనా?" అన్న.

"సున్నం వేసి నిచ్చెన మీదికెళ్లి పడ్డది కూడా చూసిన. సరే, నీ ఇష్టం. కనీసం ఈశాన్యం మూల నుంచి మొదలుపెట్టు, మంచిగుంటది."

దానియేలు ఆదివారం బైబిలు పట్టుకుంటడు, మిగతా రోజులు వాస్తు పట్టుకుంటడు. నేను నవ్విన. నవ్వి, అట్లనే చేసిన.

మా గ్యారేజీ షట్టర్ తూర్పుకు ఉన్నది. ఈశాన్యం మూల షట్టర్ పక్కనే. అక్కడ మొదలుపెట్టినోడు వెనక్కి జరుగుకుంట జరుగుకుంట ఎక్కడ తేలుతడు? తలుపు లేని నైరుతి మూలన. ఇల్లు అలికే ఆడమనిషిని ఎవరినడిగినా చెప్తది, లోపలి గోడ నుంచి గడప దిక్కు రావాలని. ఆలూరుల మా మట్టింటిని అవ్వ ప్రతి శనివారం అట్లనే అలికేది. ఆమెది ఎడమచేతి వాటం. అందరి అలుకు వంపులు ఒక దిక్కు తిరిగితే, ఆమెవి ఇంకో దిక్కు తిరిగేవి. "నీ ఇల్లు అద్దంల చూసినట్టుంటదే" అని పక్కింటోళ్లు నవ్వేటోళ్లు.

ఇవన్నీ తెలిసిన కొడుకును నేను.

వాసన పడదని నా భార్య గండిపేటల మా బిడ్డ ఇంటికి పోయింది. శుక్రవారం మధ్యాహ్నం, మంచి ఎండ. కలిపిన, పోసిన, రోలర్ కొట్టిన. మూలకు చేరేదాకా పని బాగనే సాగింది. చేరినంక చూస్తే ఎదురుగ నిగనిగలాడే తడి నేల, వెనుక గోడలు, కాళ్ల కింద పీటంత పొడి జాగ. చేతిల బకెట్ వేడెక్కుతున్నది. చూస్తుండగనే అందులో మిగిలింది గడ్డకట్టింది. రోలర్ బకెట్ల ఇరుక్కున్నది, నేను మూలల ఇరుక్కున్న.

వెనక గోడకు, ఆ మూల నుంచి చేతికి అందేటంత దగ్గర, ఒక కిటికీ ఉన్నది, గ్రిల్ ఇంకా బిగించలే. బకెట్‌ను బయటికి విసిరి, నేను కూడా దాంట్ల నుంచే దూరిన. సగం దూరం నేను వచ్చిన, నా పొట్ట రానన్నది.

మేకలు తోలుకొని పోతున్న పక్కింటి లక్ష్మమ్మ ఆగింది.

"ఏంది సారూ, సొంతింటికే కన్నం వేసిండ్రా?"

"జర చెయ్యి పట్టి గుంజు, లక్ష్మమ్మా."

"లోపలికి పోతున్నరా, బయటికి వస్తున్నరా? ముందు అది చెప్పుండ్రి."

గుంజింది. గుంజినంక కిటికీల నుంచి తొంగిచూసి, "ఆ మూల ఇడిసిపెట్టిండ్రేంది?" అన్నది. కలిపిన మాల్ గడ్డకట్టింది, ఏం చేస్తం. కిటికీకి రేకు అడ్డం కట్టి, షట్టర్‌కు తాళం వేసిన. తాళంచెవి నా జేబులనే ఉన్నది.

శనివారం పొద్దున షట్టర్ లేపిన. నేల గట్టిపడ్డది. ఎక్కడా అడుగు పడ్డ గుర్తు లేదు. నైరుతి మూలన పొడి జాగ కూడా లేదు. అక్కడ కూడా అదే రంగు, గోడ అంచుదాకా. మిగతా నేల అద్దం తీరు ఉంటే, ఆ పీటంత జాగల మాత్రం సన్నటి వంపులు, వేళ్లతోని తీసినట్టు. వంగి, నా కుడిచెయ్యిని గాలిల తిప్పి చూసిన. ఆ వంపులకు కలువలేదు. ఎడమచెయ్యి తిప్పిన. కలిసింది.

రేకు కట్టింది కట్టినట్టే ఉన్నది. ఇంటెనుక బకెట్ల రోలర్ నిలబడ్డది నిలబడ్డట్టే ఉన్నది. దానియేలుకు ఫోన్ చేస్తే, "అది దానంతట అదే పారి చదునైతది బావ, ఫికర్ చెయ్యకు" అన్నడు. కారు కడిగిన నీళ్లు బయటికి పోవాలని నేను వాలు షట్టర్ దిక్కు ఇప్పించిన. పారేదేదైనా ఆ మూల నుంచి ఇటు రావాలె, ఇటు నుంచి అటు పోదు. పోయిందే అనుకుందాం, వేళ్లు ఎక్కడివి? నిన్న ఆ మూలల ఏం చూసినవని లక్ష్మమ్మను అడిగిన. "ఉత్త సిమెంటే ఉండె, నా కండ్లతోని చూసిన" అన్నది.

సంఘంల దీన్ని అద్భుతమని చెప్పలే, ఊర్ల దయ్యమని చెప్పలే. ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. కారును మాత్రం ఆ మూల దాకా పోనిస్తలేను.

ఆదివారం దానియేలు అందరికన్న ముందొచ్చి నేలంతా తిరిగి చూసిండు.

"పర్వాలేదు బావ. ఆ మూలన మాత్రం చిన్నపిల్లలు ఆడుకున్నట్టున్నది."

"అక్కడనే కూర్చో" అని ఆ వంపుల మీద కుర్చీ వేసిన. "నైరుతి పెద్దమనుషులకు మంచిదంట గద."

సంతోషంగ కూర్చున్నడు. పాస్టరుగారు కండ్లు మూసుకొమ్మన్నంక, మెల్లగ బామ్మర్ది చెవిల చెప్పిన: "దానియేలూ, నీ కుర్చీ కింద చేసింది నేను కాదు. అది ఎడమచేతి అలుకు."

ఆ రోజు ప్రార్థన చాలాసేపు సాగింది. అయిపోయేదాకా దానియేలు రెండు కాళ్లు నేలకు జానెడు పైకి లేపే ఉంచిండు. కూటమంతటిల కండ్లు తెరిచి ప్రార్థన చేసింది కూడా ఆయన ఒక్కడే. అది నాకెట్ల తెలిసిందని మాత్రం అడగకుండ్రి.