ఫ్లాపీ లోపలి కుంకుమ బొట్టు

గరివిడి ఇంటి నుంచి తెచ్చిన పాత డబ్బాలో ఈరోజు ఒక ఫ్లాపీ దొరికింది. రేకు పక్కకి జరిపి వదిలితే టక్కున మూసుకునే ఆ చప్పుడు గుర్తుందా మీకు? ఫ్లాపీ అంత నమ్మకం లేని సరుకు ఇంకోటి లేదని ఇన్నేళ్లూ అందరితో వాదించాను. ఈలోగా నా హార్డ్‌డిస్కులూ పోయాయి, క్లౌడ్‌లో దాచినవీ పోయాయి. ఈ ఫ్లాపీ లోపలి కుంకుమ మాత్రం పోలేదు.

ఎనిమిదో తరగతిలో నెలరోజులు కూర్చుని నేను రాసిన ఆట ఉండేది ఇందులో. దసరా ఆయుధపూజ నాడు నాన్నమ్మ దీనికీ బొట్టు పెట్టింది.

“పైన రేకుకెడితే ఏటి లాభం? తలుపు తీసి లోపలెట్టినాన్రా” అంది మురిసిపోతూ. ఆ కుంకుమ అంటుకుని నా ఆట మళ్లీ తెరుచుకోలేదు.

“నీకేటి తెలుసు? ఇంకెప్పుడూ నా కంప్యూటర్ జోలికి రాకు!” అని అరిచాను.

మరుసటి దసరాకి సైకిల్‌కీ, కుట్టుమిషన్‌కీ బొట్లు పెట్టి, కుంకుమ గిన్నెతో నా గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“నాను ముట్టుకోన్లే నాయనా. నువ్వే ఎట్టుకో.”

నేను పెట్టుకోలేదు.

ఆ ఆట పేరు కూడా ఇప్పుడు గుర్తులేదు. నాన్నమ్మా లేదు. బొట్టులో ఆమె వేలి గీతలు మాత్రం ఉన్నాయి. రేకు నెమ్మదిగా మూశాను, టక్కుమనకుండా.