గంజులో జాగ ఉంది

గంగాకిషన్ మస్కట్‌లో ఒక ఆఫీసులో ఆరేళ్లు చాయ్ అందిస్తూనే, అక్కడి మత్తయి అనే మలయాళీ వెంటపడి కంప్యూటర్ పని నేర్చుకున్నాడు. తొంభై ఎనిమిదిలో ఆర్మూర్ తిరిగొచ్చి బస్టాండ్ ఎదురుగా కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. ఆయన అక్క భాగ్యవ్వది ముప్కాల్. ఆ ఏడు ఆమె పసుపు కొమ్ములు నింపుకొచ్చిన ట్రాక్టర్ గంజు, అంటే పంటల మార్కెట్ యార్డు, గేటు బయట రెండు రోజులు పడిగాపులు కాసింది. లోపల జాగ లేదట. ఆ ముక్క ముందే తెలిస్తే ఇల్లు కదిలేదే కాదు.

ఆ ముక్క చెప్పడానికే మరుసటి ఏడు గంగాకిషన్ సర్వర్ పెడతానన్నాడు. సర్వర్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. అడిగినవాళ్లకు తనలో ఉన్న పేజీని చూపించే కంప్యూటర్, అంతే. గంజు నడిపే వర్తకుల సంఘం ఆఫీసులో ఒక కంప్యూటర్ గుడ్డ కప్పుకుని ఊరికే పడి ఉంది. దానికి మోడెం తగిలించి ఫోన్ లైనుకు కలిపాడు. ముప్కాల్‌లో ఎస్టీడీ బూత్ చిన్నన్న తన కంప్యూటర్ నుంచి ఆ నంబరు కలిపితే పేజీ కనబడుతుంది. పేజీలో ఒకటే వాక్యం: ‘ఈ రోజు గంజులో జాగ ఉంది.’ లేని రోజు ‘ఉంది’ తీసి ‘లేదు’ అని కొట్టాలి.

ఆ ఒక్క మాట మార్చే పని సంఘం క్లర్కు లక్ష్మీనర్సయ్యది. గంగాకిషన్ మూడు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. ఇక ప్రారంభం రోజు పెద్దమనుషులు చేసిన హంగామా ఇంతా అంతా కాదు. కంప్యూటర్‌కు పసుపు పూసి, బొట్టు పెట్టి, కీబోర్డు మీద కొబ్బరినీళ్లు కార్చి, ఫొటోలు దిగారు. పేజీ వైపు ఒక్కడూ చూడలేదు.

పది రోజులు జాగ ఉంది కాబట్టి మార్చే పని పడలేదు. పదకొండో రోజు గంజు నిండింది. లక్ష్మీనర్సయ్య ‘జాగ లేదు’ అని కాగితం మీద రాశాడు. దాన్ని అధ్యక్షుడి ఇంటికి పట్టుకెళ్లి సంతకం చేయించి, ముద్ర కొట్టి, తెచ్చి కంప్యూటర్ అద్దానికి జిగురుతో అంటించాడు. సంతకం లేని మాట ఆ ఆఫీసులో మాట కాదు మరి. కాగితం వెనక పేజీ మాత్రం ‘జాగ ఉంది’ అంటూనే ఉంది.

ముప్కాల్‌లో చిన్నన్న అదే చదివి అందరికీ చెప్పాడు. ఏడు ట్రాక్టర్లు బయల్దేరి వచ్చి గేటు బయట ఆగిపోయాయి. సాయంత్రం చెడగొట్టు వాన పడింది. ఉడకబెట్టి, పదిహేను రోజులు ఎండబెట్టిన భాగ్యవ్వ పసుపు టార్పాలిన్ చాలక నానిపోయింది.

గంగాకిషన్ ఆఫీసులోకి ఉరికాడు.

“నేనేం నేర్పిన, నువ్వేం జేసినవ్? లోపట పేజీ ఎందుకు మార్చలే?”

“గా పేజీ మీద సంతకం పడదాయె, సంతకం లేకుండ నేనెట్ల మారుస్త?” లక్ష్మీనర్సయ్య పాన్ నమలడం ఆపలేదు. “రూలు ప్రకారం కాయిదం అంటించిన. గా డబ్బాను ఎవడు నమ్మమన్నడు?”

అలాంటి మొహాన ఉమ్మేసినా ఉమ్ము దండగ.

బయట భాగ్యవ్వ తడిసిన కొమ్ములు దోసిట్లో పట్టుకుని నిలబడింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

“డబ్బాను మేమెందుకు నమ్ముతం తమ్మీ? నువ్వు పెట్టినవంటే నమ్మినం.”

గంగాకిషన్‌కు తన మీద తనకే రోత పుట్టింది. లోపలికి వెళ్లి ఫోన్ తీగ పీకేశాడు. ఎవరూ తలెత్తి చూడలేదు. సీజన్ అయిపోయేదాకా లక్ష్మీనర్సయ్య రోజూ పొద్దున్నే సంతకం చేయించిన కొత్త కాగితం తెచ్చి ఆ అద్దానికి అంటిస్తూనే ఉన్నాడు.